ఆ సిస్టర్ తప్పు కాదు

ఆ పొద్దున అక్క సంగటి కెలుకుతూ మధ్యలో తెడ్డు వదిలేసి, గోడకు ఆనుకుని కూర్చుంది. మా ఇంట్లో ఏదో తేడా వచ్చిందని నాకు తెలిసిన మొదటి రోజు అదే. సంగటి పొయ్యి మీద ఉంటే ఎవరు పిలిచినా పలకని మనిషి ఆమె. చెయ్యి ఆపితే ఉండలు కడుతుందని భయం. ఆ రోజు ఉండలు కట్టింది. నా భార్య నాగవేణి పరుగున వచ్చి తెడ్డు అందుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం ల్యా. ఊపిరి అందల్యా. పొగ."

మాది గ్యాస్ పొయ్యి. పొగ ఎక్కడా లేదు.

ముందు మా సంగతి చెప్పాలి. అక్క అంటే నాకు సొంత అక్క, నాగవేణికి కన్నతల్లి. మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే, నాకు అన్నం తినిపించి, తల దువ్వి, బడికి పంపింది అక్కే. తర్వాత తన కూతుర్నీ నాకే ఇచ్చింది. అక్కను ఇచ్చింది మైదుకూరు దగ్గర పల్లెకు. బావ పోయిన తర్వాత కోడుమూరులో మా ఇంటికి వచ్చేసింది. వయసు డెబ్బైకి దగ్గర. షుగర్ ఉంది. జొన్నరొట్టె తినే మా ఇంటికి సంగటి అలవాటు చేసింది ఆమే.

నాకు కోడుమూరులో ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. పత్తి, ఉల్లి, మిరప వేసే రైతులు నా దగ్గరికి వస్తారు. తెగులు పట్టిన ఆకు తెచ్చి కౌంటర్ మీద పెడతారు. నేను అటూ ఇటూ తిప్పి చూసి ఒక మందు ఇస్తాను. "ఇది కొట్టప్పా. తగ్గకపోతే రా, ఇంగోటి చూద్దాం" అంటాను. నా వ్యాపారమంతా ఈ రెండు మాటల మీదే నడుస్తుంది. ఇంకో మాట కూడా చెబుతాను. "సగం డోసు కొట్టి వదిలేయొద్దు. బలం ల్యాని పురుగు చస్తాది, బలమున్నది మిగులుతాది. మల్లా చేన్లో పుట్టేదంతా దాని పిల్లలే. ఇంగ ఆ మందుకు చావదు." కంపెనీ వాళ్లు పెట్టిన మీటింగుల్లో నేర్చుకున్న మాట అది. ఎన్ని వేల సార్లు చెప్పి ఉంటానో.

ఇప్పుడు అక్క సంగతికి వస్తాను.

ఆ పొద్దుటికి నెల కిందట అక్క మైదుకూరు దగ్గర బంధువుల ఇంట్లో కార్యానికి పోయి, అక్కడే జ్వరంతో పడిపోయింది. కడపలో ఒక ఆస్పత్రిలో చేర్చారని ఫోన్ వస్తే నేను పోయాను. యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. పొద్దునా సాయంత్రం నరంలోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. జ్వరం దిగింది. ఇంకా కొన్ని రోజులు ఉండాలని, కోర్సు పూర్తి కావాలని అక్కడి డాక్టరు చెప్పాడు. అప్పుడు పత్తికి మందు కొట్టే అదను. అంగడి మూసి వచ్చాను. నా మనసంతా అక్కడే ఉంది. "మా ఇష్టంతో తీసుకుపోతున్నాం" అని సంతకం పెట్టి అక్కను కారెక్కించాను. దారిలో అక్క "ఇంగా సూదులు ఉండాయన్నారు గదరా" అంది. "జ్వరం పోయింది గదక్కా, ఇంగేంటికి?" అన్నాను. ఇంటికి వచ్చాక నాగవేణి అడిగితే "నీరసానికి సెలైన్ పెట్టినారు, అంతే" అన్నాను. మధ్యలో తెచ్చేశానని చెబితే ఊరుకోదని తెలుసు.

ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. మొదట అంతకు ముందు నాకు గొంతు నొప్పి వచ్చినప్పుడు మిగిలిన మాత్రలు ఇచ్చాను. రెండు రోజులకు తగ్గినట్టుంటే ఆపేశాను. మళ్లీ జ్వరం. నా అంగడికి ఎదురుగా మెడికల్ షాపు పెట్టుకున్న ఖాజా నా స్నేహితుడు. అతని దగ్గర ఇంకో రకం తెచ్చాను. అది వేస్తే జ్వరం దిగింది, ఆపేశాను. మూడోసారి పోయినప్పుడు ఖాజా చెయ్యి కదపలేదు.

"ఇంగ డాక్టర్కు చూపియ్యప్పా. ముసలామె. నాకు భయమైతాంది."

"నువ్వు ఇయ్యప్పా. పవరున్నది ఇయ్యి. నేను చూసుకుంటా."

ఇచ్చాడు. నేను పట్టుబట్టితే కాదనలేని మొహమాటం అతనిది. ఆ తప్పు అతని మీద వేయడం లేదు. అడిగింది నేను.

నాగవేణి మాత్రల అట్ట చూసి, "ఎవురు రాసిచ్చిరి మామా?" అని అడిగింది. కర్నూలు డాక్టరుతో ఫోన్లో మాట్లాడానని చెప్పాను. ఏ డాక్టరుతోనూ మాట్లాడలేదు. ఆమెకు అనుమానం తీరలేదు. "నీ అంగడి ముందర నిలబడినోళ్లకు చెప్పినట్ల మా అమ్మకు చెప్పొద్దు, మామా" అంది. నాకు కోపం వచ్చింది. "నీకు అమ్మ అయితే నాకు అక్క గాదా?" అన్నాను.

మూడో రకం మాత్రలు కూడా జ్వరం దిగగానే ఆపేసిన కొద్ది రోజులకు, అక్క తెడ్డు వదిలేసిన పొద్దు వచ్చింది.

మధ్యాహ్నానికి మనిషి మాట పొంతన లేకుండా పోయింది. పెదవులు నల్లబడ్డాయి. కర్నూలు తీసుకుపోయాం. ఎమర్జెన్సీలో వేలికి పెట్టిన మిషన్లో ఆక్సిజన్ అంకె తొంభైకి చాలా కిందుంది. ఎక్స్‌రే తీశారు. కుడి వైపు ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. న్యుమోనియా అన్నారు. గళ్ల తీసి, అందులో ఏ క్రిమి ఉందో తేల్చే స్పుటమ్ కల్చర్‌కు పంపారు.

ఛాతీ డాక్టరు ఒక ఆడమనిషి. తొందరపడకుండా మాట్లాడుతుంది. నన్నూ నాగవేణినీ పక్కకు పిలిచి అడిగింది.

"గత మూడు నెలల్లో ఏమన్నా యాంటీబయాటిక్స్ వాడారా? ఏ ఆస్పత్రిలోనైనా అడ్మిట్ అయ్యారా? ఇంజెక్షన్లు ఇచ్చారా?"

నాగవేణి నా వైపు చూసింది. "కడపలో ఉన్నింది గదా మామా" అంది.

"అది ఊరికే సెలైన్ పెట్టినారు మేడం. నీరసానికి" అన్నాను.

"యాంటీబయాటిక్స్?"

"లేదు మేడం."

"దగ్గుకు ఇంట్లో ఏమన్నా?"

"జ్వరం మాత్రలు, అంతే."

ఇదీ నేను చేసింది. నిజం చెప్పడానికి నోరు తెరిస్తే పక్కన నాగవేణి ఉంది. ఫోన్లో డాక్టరు లేడని, కడపలో కోర్సు పూర్తి కాలేదని అంతా బయటపడుతుంది. అక్క ఊపిరి కంటే నా మర్యాద ఆ నిమిషంలో పెద్దదయింది. ఇంతకంటే చక్కగా చెప్పుకునే కారణం నాకు దొరకలేదు. చాలా వెతికాను.

నేను చెప్పినదాన్ని బట్టి డాక్టరమ్మ మామూలుగా న్యుమోనియాకు మొదలుపెట్టే మందులతో మొదలుపెట్టింది. ఆ రాత్రి గడిచింది. మర్నాడు కొంచెం మేలనిపించింది. ఆ పై రోజు ఆక్సిజన్ మాస్కు చాలలేదు. ముఖానికి బిగించి గాలి ఒత్తి పంపే బైపాప్ మిషన్ పెట్టారు. అక్క దాన్ని పీకేయాలని చూసేది. తర్వాత అదీ చాలలేదు. ఐసీయూలో గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. సంతకం నేనే పెట్టాను.

ఆ ఐసీయూలో అక్కను ఎక్కువగా చూసింది రూతమ్మ అనే సిస్టర్. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. ముక్కు నుంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబులో పాలు పోసే ముందు ప్రతిసారీ మంచం తల వైపు ఎత్తేది. మందు పూసి నోరు శుభ్రం చేసేది. ట్యూబులో కఫం చేరితే సక్షన్ పెట్టి తీసేది. ఆ చప్పుడు నేను తట్టుకోలేకపోయేవాణ్ణి. ఒకసారి నేను లోపలికి పోయి అక్క చెయ్యి పట్టుకోబోతే ఆపింది.

"అన్నా, చేతులు కడుక్కోని రండి. ఆ సీసాలోది రుద్దుకోండి."

"మా అక్కనే గదమ్మా, నేను పట్టుకుంటే ఏమైతాది?"

"మీ అక్క గాబట్టే చెప్తాండా. మీరు బయట శానా మందిని ముట్టుకోని వస్తారు."

అప్పటికి మా బంధువులు, మా అంగళ్ల వాళ్లు వరసగా చూడడానికి వస్తున్నారు. వాళ్ల ముందు ఒక చిన్న పిల్ల నాకు చేతులు కడుక్కోమని చెప్పడం నాకు గుచ్చుకుంది. అది మనసులో పెట్టుకున్నాను.

కల్చర్ రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచింది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని చెప్పింది. ఏ మందుకు చస్తుంది, ఏ మందుకు చావదు అని పరీక్ష చేసిన వరస చూపించింది. ఎక్కువ చోట్ల రెసిస్టెంట్, అంటే చావదు, అని ఉంది.

"మనం ఇస్తున్నదానికి ఇది చావడం లేదు. మందు మార్చాలి. ఇప్పుడు ఇచ్చేది చివరికని దాచుకునే మందుల్లో ఒకటి. కిడ్నీ మీద పడే రిస్కు ఉంది. ఒకటి చెప్పండి, ఈమెకు ముందు నిజంగా యాంటీబయాటిక్స్ ఏమీ పడలేదా?"

ఈసారి నాగవేణి పక్కన లేదు. చెప్పడానికి అడ్డం ఏమీ లేదు. కానీ ఒకసారి లేదన్నవాణ్ణి, ఇప్పుడు ఉందంటే మొదటి మాట అబద్ధమని ఒప్పుకోవాలి. దాని బదులు గొంతు పెంచాను.

"మీ ఆస్పత్రికి వచ్చినాకనే గదా ఇది. ఈడ అంటించినారు. మీ సిస్టర్లే అంటించినారు."

"ఈ శాంపిల్ ఐసీయూలో తీసింది కాదు. మీరు వచ్చిన రోజు, మేం ఒక్క మందు ఇవ్వకముందు తీసింది" అంది ఆమె.

నేను వినలేదు. వినలేదంటే అర్థం కాలేదని కాదు. బయటికి వచ్చి ఐసీయూ తలుపు దగ్గర నిలబడి, రూతమ్మను చూపించి అరిచాను. చేతులు కడుక్కోకుండా పైపులు పెడుతోందని, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి రోగం మోస్తోందని అన్నాను. నేను అలాంటిదేమీ చూడలేదు. మా వాళ్లు నాలుగు గొంతులు కలిపారు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. ఒక్క మాట అంది. "అరుస్తే అరవండి అన్నా. తలుపు వేసి అరవండి. లోపల పేషెంట్లు ఉండారు."

సాయంత్రానికి మా డీలర్ల వాట్సాప్ గ్రూపులో రాశాను. ఆస్పత్రి పేరు రాశాను. సిస్టర్ పేరు కూడా రాశాను. మంచి మనిషిని తీసుకుపోతే వీళ్లు కొత్త రోగం అంటించారని, ఎవరూ అక్కడికి పోవద్దని. అది ఆ గ్రూపు దాటి ఎక్కడెక్కడికి పోయిందో నాకు తెలియదు. కడప నుంచి కూడా ఒకరు నాకే తిప్పి పంపారు, జాగ్రత్త అని. రెండు రోజుల తర్వాత రూతమ్మ ఐసీయూలో కనిపించలేదు. గొడవ ఎందుకని ఓపీకి మార్చారట. నేను గెలిచానని అనుకున్నాను.

కొత్త మందు పనిచేసింది. కాని దారి నేరుగా లేదు. కిడ్నీ పని తగ్గిందని చూపే క్రియాటినిన్ పెరిగింది. డాక్టర్లు డోసు తగ్గించడం, మళ్లీ చూడడం. ఒక రోజు యూరిన్ బ్యాగులో అడుగున మాత్రమే ఉంటే, నాగవేణి దాని ముందు కూర్చుని చుక్కలు పడుతున్నాయా అని చూస్తూ ఉంది. డయాలసిస్ మాట కూడా వచ్చింది. అదృష్టం కొద్దీ అంత దాకా పోలేదు. మెల్లగా జ్వరం విడిచింది. వెంటిలేటర్ మీద నుంచి తప్పించి చూశారు, నిలబడింది. ట్యూబు తీశారు. గొంతు బొంగురుపోయింది. నీళ్లు తాగితే పొలమారేది. మింగడం మళ్లీ నేర్పించడానికి ఒకామె వచ్చేది. తల కిందికి వంచి, గుటక గుటకగా.

వార్డుకు మార్చిన తర్వాత ఒక పొద్దున రౌండ్స్‌కు డాక్టరమ్మ వచ్చింది. నాగవేణి మంచం పక్కన గ్లాసు కడుగుతోంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"ఏమ్మా సుబ్బమ్మా, ఎట్లుండావు? ఇక్కడికి రాకముందు దగ్గుకు ఇంట్లో ఏమన్నా మాత్రలు వేసుకున్నావా?"

అక్క నా వైపు చూసి నవ్వింది. బొంగురు గొంతుతో మెల్లగా చెప్పింది.

"ఏస్కోక? మా తమ్ముడు శానా మంచి మందులిచ్చినాడు తల్లీ. మూడు తూర్లు, మూడు రకాలు. వానికి తెలీని మందు ల్యా. పత్తికి కొట్టేటోడు గదా. ఒగటి పన్జేయకుంటే ఇంగోటి ఇచ్చేటోడు. కడపలో సూదులు ఏస్తాంటే, జ్వరం పోయింది ఇంగ చాలక్కా అని కార్లో పిల్చుకోని వచ్చినాడు. వాని అంగడి పని వానికి ఉన్నా, నా కోసరం వచ్చినాడు."

గ్లాసు కడిగే చప్పుడు ఆగిపోయింది. డాక్టరమ్మ నా ముఖం చూడలేదు. చీటీ మీద రాసుకుంటూ "ఏ రంగు మాత్రలమ్మా?" అని ఇంకా అడిగింది. అక్క ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చెప్పింది. రంగు, సైజు, ఎన్నాళ్లు వేసుకుంది. నేను గోడలోకి దూరిపోతే బాగుండుననిపించింది.

తర్వాత డాక్టరమ్మ వరండాలో నాతో మాట్లాడింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

"పెద్ద వయసు, షుగర్. ఆ మధ్యనే ఆస్పత్రిలో పడుకుని నరంలోకి యాంటీబయాటిక్స్ తీసుకున్న మనిషి. ఆ పైన మూడు రకాలు, మూడూ సగం సగం. ఇవన్నీ ఉన్న పేషెంటుకు మొండి బ్యాక్టీరియా ఉంటుందని ముందే అనుమానిస్తాం. ఆ రోజు చెప్పి ఉంటే రిపోర్టు కోసం ఆగేదాన్ని కాదు. మొదటి రోజే ఈ మందు పెట్టేదాన్ని. వెంటిలేటర్ దాకా పోకపోయేదేమో. పోయేదేమో కూడా. అది నేను చెప్పలేను."

"అంటే అది ఆస్పత్రిలో అంటింది కాదా మేడం?"

"ఆస్పత్రుల్లో అంటుతుంది. లేదనను. కడపలోనే వచ్చి చేరిందేమో, ఇంట్లో మీ మాత్రలకు తట్టుకున్నది మిగిలిందేమో, ఎక్కడిదని వేలు పెట్టి చూపలేం. కానీ మా ఐసీయూలో అంటలేదు. రూత్ చేతుల నుంచి అంటలేదు."

సగం డోసు కొట్టి వదిలేయొద్దు. బలమున్న పురుగు మిగులుతుంది. నా నోటి నుంచి వచ్చే మాటే, వేరే మనిషి నోట, నా అక్క గురించి విన్నాను.

నాగవేణి ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. ఆ తర్వాత టిఫిన్ బాక్సు నా చేతిలో పెడుతూ అంది: "నేను కోప్పడతాననేనా డాక్టరమ్మకు చెప్పకపోతివి? ఆ పొద్దే చెప్పింటే నా కోపం ఎంతసేపు ఉండేది మామా? ఒక పూట." అంతకు మించి ఈ రోజు దాకా ఆ సంగతి ఎత్తలేదు. నేను ఇంటికి ఏదైనా మందు తెస్తే మాత్రం నా చేతిలోనుంచి తీసుకుని, చీటీతో సరిచూసి, అప్పుడు లోపల పెడుతుంది. అలా చూడొద్దని చెప్పే మొహం నాకు లేదు.

డిశ్చార్జి అయిన వారానికి చెకప్‌కు పోయినప్పుడు ఓపీలో రూతమ్మ కనిపించింది. బీపీ చూసే బల్ల దగ్గర కూర్చుని ఉంది. వరసలో మనుషులు ఉన్నారు. వాళ్లంతా పోయేదాకా నిలబడి, దగ్గరికి పోయి, తప్పు చేశానమ్మా అన్నాను. మాత్రల సంగతి, కడప సంగతి అంతా చెప్పాను.

ఆమె మిషను పట్టీ చుడుతూ విన్నది. "మీ అక్కకు మింగుడు బాగయిందా?" అని అడిగింది. ఆ తర్వాత, "గ్రూపులో పెట్టింది తీసేసినారా అన్నా?"

"తీసేసినానమ్మా."

"తీసేస్తే యాడికి పోతాది? మా ఊర్లో మా పాస్టరమ్మ కూడా నన్ను అడిగింది, ఏమి రూతూ, నిన్ను పన్లోంచి తీసేసినారంట గదా అని. తీసేయడం గాదు. అది అబద్ధమని రాయండి."

"రాస్తానమ్మా."

క్షమించానని ఆమె అనలేదు. అనమని అడగడానికి నేను ఎవర్ని?

ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. ఆస్పత్రి తప్పు కాదు, సిస్టర్ తప్పు కాదు, నేనే కోర్సు మధ్యలో ఆపి, నా ఇష్టం వచ్చినట్టు మాత్రలు ఇచ్చి, డాక్టరుకు అబద్ధం చెప్పానని. మొదటి సమాధానం వెంటనే వచ్చింది: "ఏమప్పా, ఆస్పత్రోళ్లు దుడ్లు గట్టిగా ఇచ్చినారా?" దాని కింద నవ్వే బొమ్మలు. ఇంకొకరు "కేసు పెడతామని బెదిరించింటారులే" అన్నారు. నా అబద్ధాన్ని ఎవరూ అనుమానించలేదు. నా నిజాన్ని గ్రూపులో ఎవరూ నమ్మలేదు. ఊర్లో ఇప్పటికీ "ఆ ఆస్పత్రిలో సుబ్బమ్మకు రోగం అంటించినారంట" అనే అంటారు. నా అంగడికి వచ్చే హనుమంతు అనే రైతు ఒక్కడే నమ్మాడు. నమ్మి, కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "మాకు చెప్పే పాఠం ఇంట్లో చెప్పుకోలేకపోతివా అన్నా? మేమంటే చేన్లే పోగొట్టుకుంటిమి" అన్నాడు. నేను అతని మందు పొట్లం కట్టి ఇచ్చాను. మిగతావాళ్లు నమ్మలేదు కాబట్టే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. గ్రూపులో రాసింది గ్రూపులోనే ఉండిపోయింది.

అక్క ఇప్పుడు ఇంట్లోనే ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. సంగటి కెలికే బలం లేదు. నాగవేణి కెలుకుతుంటే వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని, "ఇంగా తిప్పు, ఉండలు కడ్తాండాది" అంటూ ఉంటుంది. ముద్ద మింగొద్దని డాక్టర్లు చెప్పారు. మెత్తగా చేసి, నిటారుగా కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా నమిలించి పెడతాం. "నమిలి తినే సంగటి ఏం సంగటిరా, సంగటి మింగాల" అని రోజూ గొణుగుతుంది. గొణిగినా తింటుంది.

ఎవరైనా పలకరించడానికి వస్తే, "మా తమ్ముడే బతికించినాడు" అని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి. ఒక మధ్యాహ్నం వచ్చినవాళ్లు పోయాక, పక్కన కూర్చుని చెప్పేశాను.

"అక్కా, అట్ల చెప్పొద్దు. నేను బతికించల్యా. నా మాత్రల వల్లనే అంత దూరం పోయింది. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పినా. నీ పానం మీదికి తెచ్చింది నేనే."

అక్క నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఆ పాప మీద అరిస్తివి గదరా. తలుపు దగ్గర. నాకు వినపడె. నోట్లో పైపు ఉండె, చెప్పల్యాకపోతి. ఆ పాప రోజూ నా నోరు తుడిచేది. నా కాళ్లకు నూనె రాసేది. నీ తప్పు దాని మీద పెడ్తివే అనుకుంటి. పైపు తీసినాక డాక్టరమ్మ ఎప్పుడు అడుగుతాదా అని చూస్తాంటి. అడిగె. చెప్తి."

"మరి ఆ పొద్దు నన్ను అట్ల పొగిడితివి గదక్కా, అందరి ముందర."

"నీ పెండ్లాం ఆడనే ఉండె. నిన్ను ఎట్ల తిట్టేది?" అంది అక్క. తర్వాత కాసేపటికి, "ఆ పాపను ఒగసారి పిల్చుకోని రా. సంగటి పెడదాం" అంది. పిలిచాను. ఇంకా రాలేదు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లు వేసుకున్న ప్రతి మాత్ర అట్టనూ, ఖాళీదైనా సరే, పారేయకుండా ఒక సంచిలో వేసి పెట్టండి. ఆస్పత్రిలో ఇచ్చిన చీటీలూ అందులోనే వేయండి. మా వంటింట్లో ఇప్పుడు మేకుకు అలాంటి గుడ్డ సంచి ఒకటి వేలాడుతోంది. డాక్టరు "మూడు నెలల్లో ఏమన్నా యాంటీబయాటిక్స్ వాడారా, ఎక్కడైనా అడ్మిట్ అయ్యారా" అని అడిగినప్పుడు ఆ సంచి బల్ల మీద బోర్లించండి. పక్కన ఎవరున్నా సరే. మీకు నోరు రాకపోతే, సంచి చెబుతుంది.